రాహుకాలంలో చేరినవాడే సీనియర్

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఏం చేశావని ఎవరైనా అడిగితే, మనుషుల్ని వరసలో నిలబెట్టానని చెబుతాను. మా శాఖలో సీనియారిటీ జాబితా రాసే సీటు నాది. అమలాపురం, కొత్తపేట, రాజోలు ఎక్కడికి బదిలీ చేసినా ఆ సీటు నన్ను వదల్లేదు. ఏ శాఖ అని అడక్కండి. కుర్చీలూ, కుర్చీల కోసం కొట్లాటలూ అన్ని శాఖల్లోనూ ఒకే తీరు.

ఈ మధ్య అదే సీట్లో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. "రూల్సు పుస్తకం కొన్నానండి. ఇంకేం చదవాలండి?" అని అడిగింది. రూల్సు నీకంటే నీ మీద అర్జీ పెట్టేవాళ్లకే బాగా వస్తాయమ్మా, నువ్వు మనుషుల్ని చదువుకో అన్నాను. కాఫీ చల్లారేదాకా కూర్చోబెట్టి ఒక కథ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు చెప్పేటప్పుడు ఒక్క ముక్క దాచాను. ఇక్కడ అది కూడా రాస్తాను.

వెనక తేదీ మహిమ

లోకంలో ఎవరికైనా ప్రమోషన్ అంటే రేపటి సంగతి. మా ఆఫీసుల్లో అది నిన్నటి సంగతి కూడా అవుతుంది. మీకు అన్యాయం జరిగిందని ఏళ్ల తరబడి అర్జీలు పెడితే, చివరికి ఎప్పుడో ఒక ఉత్తర్వు వస్తుంది. "మీకు ఆరేళ్ల క్రితమే పదోన్నతి రావలసింది, కాబట్టి ఆరేళ్ల క్రితమే వచ్చినట్టు భావించవలెను" అని. ఎవరు భావించాలో, ఎలా భావించాలో అందులో ఉండదు.

అమలాపురంలో ఒక పెద్దమనిషికి ఇలాగే ఆరేళ్ల వెనక నుంచి హెడ్ గుమస్తా పదవి వచ్చింది. మర్నాడే కొత్త అర్జీ పట్టుకొచ్చాడు. ఆ ఆరేళ్లలో ఆలస్యంగా వచ్చినందుకు అప్పటి హెడ్ గుమస్తా ఆయనకి మూడు మెమోలు ఇచ్చాడట. "ఆ తేదీల్లో నేను ఆయనకి పైవాణ్ణని గవర్నమెంటే చెప్పింది కదండీ. కిందవాడు పైవాడికి మెమో ఎలా ఇస్తాడండీ? కొట్టేయించండి" అన్నాడు. నేను పకపకా నవ్వి రూల్సు తిరగేశాను. సగం పుస్తకం అయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. ఆయన చెప్పింది తప్పని ఎక్కడా రాసి లేదు.

ఆ ఫైలు మీద మా ఆఫీసరు "ప్లీజ్ స్పీక్" అని రాశాడు. వచ్చి నాతో మాట్లాడు అని దానర్థం. ఆయన ప్రతి ఫైలు మీదా అదే రాసేవాడు. మాట్లాడదామని వెళ్తే క్యాంపులో ఉండేవాడు. మూడేళ్లలో ఆయనతో నేను మాట్లాడింది రెండుసార్లు, రెండుసార్లూ వాళ్ల తోటలో కొబ్బరికాయల దింపు గురించే. ఆయన హయాంలో ఒక్క ఫైలులో కూడా తప్పు జరగలేదు, ఎందుకంటే ఒక్కటీ కదల్లేదు. మంచి అధికారి అని పేరు తెచ్చుకుని వెళ్లిపోయాడు.

ఒక శుక్రవారం

డెబ్బైల మొదట్లో రాజోలులో నేను తపాలా గుమస్తాని. వచ్చిన ప్రతి కాగితం మీద ముద్ర వేసి, తేదీ, టైము రాసి లోపలికి పంపడం నా పని. అప్పట్లో పరీక్షలు ఆలస్యమై, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి పంపినవాళ్లని తాత్కాలిక గుమస్తాలుగా తీసుకునేవారు. అలా ఒకే శుక్రవారం ఇద్దరు వచ్చారు.

మొదటాయన కామేశ్వరరావు గారు, సఖినేటిపల్లి మనిషి. మిలిటరీలో హవల్దారు గుమస్తాగా చేసి, నలభై ఏళ్ల వయసులో ఇంటికొచ్చి, మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నారు. పది గంటలకి, ఆఫీసు తలుపులు తీయకముందే, వరండా బల్ల మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. చేతిలో జాయినింగ్ రిపోర్టు, అంటే ఇవాళ ఉద్యోగంలో చేరుతున్నానని రాసిచ్చే కాగితం.

ఆఫీసు తెరిచేది పదిన్నరకి. శుక్రవారం రాహుకాలం సరిగ్గా పదిన్నర నుంచి పన్నెండు దాకా. అప్పటి మా ఆఫీసరుకి ఆ పట్టింపు గట్టిది, ఆ గంటన్నరా పెన్ను మూత తీసేవాడు కాదు. ఆయన్ని చూసి ఆఫీసంతా అదే ఆచారం పట్టింది. భక్తి ఏమీ కాదు, పని చేయకుండా కూర్చోవడానికి అంత పవిత్రమైన కారణం ఇంకొకటి దొరకలేదు.

"కొత్త ఉద్యోగం కదండీ, రాహుకాలంలో ఎందుకు? పన్నెండు దాటాక ఇవ్వండి" అన్నాను కామేశ్వరరావు గారితో, పెద్ద మేలు చేస్తున్నట్టు.

"మిలిటరీలో ఇయ్యన్నీ చూళ్లేదండి. ఆలస్యమైపోదాండీ?"

"పొద్దున్న ఇచ్చినా, మధ్యాహ్నం ఇచ్చినా తేదీ ఒకటే కదండీ."

"ఆయ్. మీ ఆఫీసు పద్ధతి ఎలాగైతే అలాగేనండి" అని మళ్లీ బల్ల మీద కూర్చున్నారు.

పది నలభైకి రెండో ఆయన వచ్చాడు. కృపానందం, తాటిపాక పక్క ఊరు, ఇరవై రెండేళ్లు. సైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చాడు. తాత పాలేరు, తండ్రి మిషన్ బడిలో పంతులు. ఆ ఇంట్లో గవర్నమెంటు ఆఫీసులో అడుగుపెట్టిన మొదటివాడు ఇతనే. క్రైస్తవులకి రాహుకాలంతో పనేముందని, నేను అతన్ని ఆపలేదు. కాగితం తీసుకుని ముద్ర వేసి, పది నలభై అని రాశాను. పన్నెండూ అయిదుకి కామేశ్వరరావు గారి కాగితం మీద పన్నెండూ అయిదు అని రాశాను. రెండు కాగితాలూ పన్నెండుంపావుకి ఆఫీసరు ముందుకి వెళ్లాయి. సంతకం కింద టైము వేయడం ఆయనకి అలవాటు. రెంటి మీదా పన్నెండుంపావు అని వేశాడు.

తర్వాత గవర్నమెంటు ఇలాంటివాళ్లందరినీ చేరిన తేదీ నుంచే పర్మనెంటు చేసింది. సీనియారిటీ కూడా చేరిన క్షణం నుంచే. తేదీ ఒకటే అయితే, మధ్యాహ్నానికి ముందు చేరినవాడు సీనియర్. అదీ సమానమైతే వయసులో పెద్దవాడు సీనియర్. అలా రాహుకాలంలో చేరిన కృపానందం పైకీ, మంచి ఘడియ చూసుకుని చేరిన కామేశ్వరరావు గారు కిందకీ వచ్చారు. నా ముద్ర పక్కనున్న టైము చూసి ఆ జాబితా రాసిందీ నేనే.

ముందొచ్చిన చెవులు

పదేళ్లకి రాజోలులో హెడ్ గుమస్తా కుర్చీ ఖాళీ అయింది. వరసలో ముందున్న నాకు రావాలి. రాలేదు, ఎందుకంటే నేను డిపార్టుమెంటు పరీక్ష పాసవలేదు. ఊరందరికీ రూల్సు చెప్పేవాణ్ణి రూల్సు పరీక్షలోనే మూడుసార్లు తప్పాను. కుర్చీ కృపానందానికి వెళ్లింది. కామేశ్వరరావు గారు ఆయన ఎదురుగా, చిన్న బల్ల దగ్గర కూర్చున్నారు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు ఆఫీసులో. ఇక్కడ కొమ్ములు వెనకొచ్చింది నలభై నిమిషాలే.

కామేశ్వరరావు గారు అర్జీ పెట్టారు. ఆయన కోరిక ఒక్కటే. రిటైరయ్యేలోగా ఆ కుర్చీలో కూర్చోవాలి. "నేను ముందొచ్చేనండి. ముందొచ్చినోణ్ణి వెనక నిలబెట్టేరు. అది సరిచెయ్యమంటున్నాను, అంతేనండి" అనేవారు. ఆఫీసువాళ్లు ఆగమంటేనే ఆగానని అర్జీలో రాశారు.

పైనుంచి ఉత్తరం వచ్చింది. "మిమ్మల్ని ఆగమన్న ఉద్యోగి పేరు, హోదా తెలుపవలెను." ఆఫీసువాళ్లు ఆపారని రుజువైతే ఆలస్యం ఆఫీసుది అవుతుంది, మనిషిది కాదు. ఆ రూలు స్పష్టంగా ఉంది. ఒక్క పేరు రాస్తే వారంలో తేలిపోయే వ్యవహారం. కామేశ్వరరావు గారు "జ్ఞాపకం లేదు" అని రాశారు. మిలిటరీలో తుపాకులు మోయిస్తారు గాని జ్ఞాపకశక్తి పెంచరు కాబోలని నేను నవ్వుకున్నాను.

అలాంటి ఉత్తరమే నాకూ వచ్చింది. ఆ రోజు తపాలా సీట్లో ఉన్నది మీరు కాబట్టి మీకేం తెలుసో రాయండి అని. ఆ ఏడే నేను పరీక్ష గట్టెక్కాను. నా పేరు ప్రమోషన్ జాబితాలోకి ఎక్కబోతోంది. అలాంటప్పుడు "ఆపింది నేనే" అని రాస్తే మెమో ఖాయం, పేరు మాయం. అందుకని నేను కూడా "జ్ఞాపకం లేదు, రికార్డులో లేదు" అని రాశాను. అంతకంటే గొప్ప అబద్ధం ఆఫీసు భాషలో లేదు, ఎందుకంటే రెండో సగం నిజం.

దాని ఫలితం వినండి. వివాదం తేలేదాకా మా జాబితాలో ఎవరికీ పదోన్నతులు ఇవ్వవద్దని పైవాళ్లు ఆపేశారు. కొత్తపేటలో ఒకటి, అమలాపురంలో ఒకటి, మొత్తం రెండు కుర్చీలు ఖాళీగా దుమ్ము కొట్టుకున్నాయి. నేను నిజం రాసి ఉంటే, మెమో పడినా, ఏడాది తిరక్కుండా మా ముగ్గురికీ కుర్చీలు దొరికేవి. నా ప్రమోషన్ కాపాడుకుందామని చెప్పిన అబద్ధం నా ప్రమోషన్నే ఎనిమిదేళ్లు ఆపింది. ఇంత తెలివి ఉన్నవాణ్ణి పరీక్షలో మూడుసార్లు ఎందుకు తప్పించారో నాకు అప్పుడర్థమైంది.

ఊళ్లో మాత్రం కామేశ్వరరావు గారే రాహుకాలం పిచ్చివాడని స్థిరపడింది. "ఆయన ఉద్యోగాన్ని రాహువు మింగేశాడండి" అని టీ హోటల్లో జోకులు వేసేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కార్తీకమాసంలో ఆఫీసు వనభోజనాలకి వెళ్తే, విస్తళ్ల దగ్గర మొదట ఎవరు కూర్చోవాలన్నది కూడా నన్నే అడిగేవారు, సీనియారిటీ సీటు నాది కాబట్టి. ఒక ఏడాది కామేశ్వరరావు గారు అసలు విస్తరి ముందు కూర్చోలేదు. మజ్జిగ కుండ పట్టుకుని అందరికీ వడ్డిస్తూ గడిపేశారు. నాకు రెండుసార్లు పోశారు.

విచారణాధికారి ఎలుక

మూడో ఏడాది కాకినాడ నుంచి ఒక విచారణాధికారి దిగాడు. పదమూడేళ్ల కిందటి ఒక శుక్రవారం ఉదయం కామేశ్వరరావు అనే వ్యక్తి ఈ ఆఫీసులో ఉన్నాడా లేడా అన్నది తేల్చడం ఆయన పని. బస్టాండు నుంచి ఆఫీసుదాకా గడియారం పట్టుకుని నడిచాడు. వరండా బల్ల పొడవు కొలిపించాడు. ఎందుకని అడిగితే, ఇద్దరు పట్టే బల్లా కాదా చూడాలన్నాడు.

టీ హోటలు సుబ్బన్నని పిలిపించారు. "ఆ రోజు ఈయన నీ దగ్గర టీ తాగాడా?" అని అడిగారు.

"ఆయ్, తాగేరండి."

"పదమూడేళ్ల కిందటిది నీకెలా జ్ఞాపకం?"

"రోజూ తాగుతారు కదండీ. ఆ రోజు మాత్రం ఎందుకు మానేత్తారండీ?"

ఆ జవాబుని అధికారి శ్రద్ధగా రాసుకున్నాడు.

తర్వాత కృపానందాన్ని పిలిచారు. ఆయన కుర్చీ మీదే కేసు. ఏమీ తెలియదంటే సరిపోయేది. ఆయన నిలబడి చెప్పాడు: "నేనొచ్చేసరికి ఆయన బల్ల మీద కూర్చునున్నారండి. నాకంటే ముందే వచ్చేరండి. అది నిజమండి."

బయటికొచ్చాక ఆయన్ని పక్కకి లాగాను. "కృపానందం గారూ, మీ కాళ్లు మీరే నరుక్కుంటారేమిటండీ?"

"మా తాత ఇలాంటి ఆఫీసు మెట్టు కూడా ఎక్కలేదండి మూర్తి గారూ. నేను కుర్చీ దాకా వచ్చేను. కాగితం చూపించి దిగమంటే దిగుతానండి. అబద్ధం చెప్పి కూర్చోమంటే మాత్రం నావల్ల కాదండి." నా మొహం వంక చూస్తూనే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నీతులు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ పడదని మనసులో అనుకున్నాను. నిజానికి సిగ్గేసింది.

నలభై పేజీల నివేదిక వచ్చింది. "ఆవరణలో ఉండుట వేరు, రిపోర్టు సమర్పించుట వేరు. ఆగమన్నది ఎవరో తేలనందున నిర్ధారణగా చెప్పజాలము." కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఈయనకి ఎలుక కూడా దొరకలేదు. దొరకాల్సిన ఎలుక ఆయన పక్కనే కూర్చుని ఫైళ్లు అందించింది.

ఆఖరి శుక్రవారం

ఇంకో అయిదేళ్లు గడిచాయి. కామేశ్వరరావు గారు పదకొండు అర్జీలు పెట్టారు. చివరికి పై ఆఫీసులో ఎవరో తెలివైనవాడు రెండు జాయినింగ్ రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెంటి మీదా ఆఫీసరు సంతకం పన్నెండుంపావుకే ఉంది. ఆఫీసరు అంగీకరించేదాకా ఉద్యోగంలో చేరినట్టు కాదు గనక ఇద్దరూ మధ్యాహ్నమే చేరారని తేల్చాడు. టైము సమానం, వయసులో కామేశ్వరరావు పెద్ద, కాబట్టి కామేశ్వరరావు సీనియర్. నిజం వల్ల ఆయన గెలవలేదు. ఇద్దర్నీ కలిపి మధ్యాహ్నంలోకి తోసేశారు, అంతే.

ఎనిమిదేళ్ల వెనక నుంచి కామేశ్వరరావు గారికి పదోన్నతి, అదే తేదీ నుంచి కృపానందానికి కింది హోదా. ఆ ఉత్తర్వు పంపడానికి స్టాంపులు లేవని డిస్పాచ్‌లో పడి ఉండి ఉండి, కామేశ్వరరావు గారు రిటైరయ్యే రోజు పొద్దున్న మా తపాలా సంచీలో దిగింది. ఆ రోజు శుక్రవారం. టైము పదీ ముప్పై అయిదు.

కృపానందం ఉత్తర్వు చదివి లేచి నిలబడ్డాడు. సొరుగు తాళాలు బల్ల మీద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ దుమ్ము దులిపాడు. "దయచెయ్యండి గురువుగారూ" అన్నాడు. ఎనిమిదేళ్లు చేసిన ఉద్యోగం చేయనట్టే అయిపోయిన మనిషి అన్న మాట అది.

ఆఫీసంతా గోడ గడియారం వైపు చూసింది. కుర్చీ అప్పగించే ఛార్జి కాగితం నా చేతిలో ఉంది. నాలిక మీద అలవాటు అంత తొందరగా పోదు. "రాహుకాలం కదండీ, పన్నెండు దాటాక సంతకం పెడితే..." అన్నాను.

కామేశ్వరరావు గారు నా వంక చూసి నవ్వారు. "మళ్లీ మీరేనా మూర్తి గారూ?"

నా చేతిలోని కాగితం తీసుకుని, నిలబడే సంతకం పెట్టి, పక్కన పదీ నలభై అని వేసి, కుర్చీలో కూర్చున్నారు. కూర్చుని చుట్టూ చూశారు. వరండా బల్ల మీద కొత్తగా వచ్చిన టైపిస్టు, సఖినేటిపల్లి అమ్మాయే, జాయినింగ్ రిపోర్టు పట్టుకుని కూర్చుని ఉంది. బంట్రోతు ఆగమన్నాడట.

"ఆవిణ్ణి లోపలికి రమ్మనండి. ముద్రేసి, ఇప్పుడున్న టైమే వెయ్యండి" అన్నారు. హెడ్ గుమస్తాగా ఆయన ఇచ్చిన ఆర్డరు అదొక్కటే. సాయంత్రం అయిదుకి దండ వేయించుకుని దిగిపోయారు.

బస్టాండులో

దాచిన ముక్క ఇది. ఆ సాయంత్రం సఖినేటిపల్లి బస్సు దాకా ఆయన్ని దిగబెట్టడానికి వెళ్లాను. దండ చేతికి చుట్టుకుని నిలబడ్డారు. నేను "మీకు జ్ఞాపకం ఉందాండీ?" అన్నాను.

"ఎందుకుండదండీ? ఆ రోజు మీరు నీలం చొక్కా ఏసుకున్నారు."

"మరి నా పేరు ఎందుకు రాయలేదండీ?"

"రాత్తే మీకు మెమో వచ్చేదండి. ఆగమన్నప్పుడు కుర్రోరు, ఉత్తరం వచ్చేటప్పటికి పిల్లలున్నోరు." బస్సు వచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగారు. కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. "మీరే రాత్తారని చూసేనండి. ఎనిమిదేళ్లు చూసేను."

బస్సు కదిలింది. నేను టీ హోటల్లోకి కూడా వెళ్లకుండా ఇంటికి నడిచాను. ఎనిమిదేళ్లు ఎవర్ని చూసి నవ్వుకున్నానో దారి పొడుగునా లెక్కపెట్టుకున్నాను. చివరికి అందరూ పోయి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ ఆదివారం కూర్చుని పేజీన్నర రాశాను. ఆపింది నేనే, కారణం ఇది, ఇన్నాళ్లూ తెలిసే దాచాను అని. సోమవారం హెడ్ గుమస్తా బల్ల మీద పెట్టాను. ఆ కుర్చీలో మళ్లీ కృపానందమే. కామేశ్వరరావు గారు రిటైరైన ఖాళీలో ఆఫీసరు శనివారమే ఆయనకి మళ్లీ కొత్తగా ప్రమోషన్ ఇచ్చారు, మొన్నటిదాకా చేసిన ఎనిమిదేళ్లూ లేనట్టే. ఆయన నా కాగితం రెండుసార్లు చదివాడు. మడతపెట్టి తిరిగి నా చేతికిచ్చాడు.

"ఆ ఫైలు మూసేసేరండి మూర్తి గారూ. దీన్ని ఎందులో పెట్టమంటారండీ?"

ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో పెట్టెలో ఉంది. అమ్మా, కొత్తగా ఆ సీట్లో కూర్చున్నదానివి, ఒక్కసారి వచ్చి చూసి వెళ్లు. ఎంతోమందికి వెనక తేదీ నుంచి పదవులు రాసిన చెయ్యి నాది. ఆ రోజుల్లో ముద్ర నా దగ్గరే ఉండేది, అడిగేవాడు లేడు. ఆ కాగితం మీద, పైనుంచి నాకు ఉత్తరం వచ్చిన ఎనిమిదేళ్ల వెనక తేదీ వేద్దామని పెన్ను కూడా పట్టుకున్నాను. వేయలేకపోయాను.